నిమ్మకాయ పిండొద్దు, చీనీ తొక్క తీయండి

మా ఇంట్లో జిన్ అండ్ టానిక్ (జిన్ అనే మద్యంలో టానిక్ అనే చేదు సోడా పోసే డ్రింకు) కలిపేటప్పుడు నిమ్మకాయను దగ్గరికి రానివ్వను. వచ్చినోళ్లెవరైనా "రోంత నిమ్మకాయ పిండుదామా" అని చెయ్యి చాపితే, ఆ చేతిలో ఉడకబెట్టిన చెనిక్కాయల గిన్నె పెడతాను. మా ఆవిడ దీన్ని చాదస్తం అంటుంది. మా చిన్నాయన కొడుకు మొండితనం అంటాడు. రెండూ నిజమే కావచ్చు. కానీ ఆరేడేళ్లుగా ఇంట్లోనే కలుపుకుని, తాగి, పారబోసి, మళ్లీ కలుపుకుని నాకు తేలిందొకటే. ఈ గ్లాసులో నిమ్మజాతి వాసన రావాలంటే రసంతో పని లేదు, తొక్కతోనే పని. అందులోనూ అనంతపురంలో కూర్చుని, చీనీ తొక్కలు చెత్తబుట్టలో వేసి, టానిక్‌లోకి నిమ్మకాయలు పిండుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

కోస్తా, తెలంగాణ వాళ్లకు ఒక మాట. మీరు బత్తాయి అనే కాయే మా చీనీ. శాస్త్రజ్ఞులు దానికి పెట్టిన పేరు సిట్రస్ సైనెన్సిస్. సైనెన్సిస్ అంటే చైనాది అని. కాబట్టి పేరు విషయంలో సీమోళ్లం మేమే నిక్కచ్చిగా ఉన్నాం, ఈ పంచాయితీ ఇంతటితో వదిలేద్దాం.

మా నాయినకు నార్పల పక్కన మూడెకరాల చీనీ తోట ఉంది. అంతా సాత్‌గుడి రకం. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూఇటూ వాన పడే జిల్లా మాది. బోర్లు ఎండిన ఏడాది ట్యాంకర్లు కొని చెట్ల పాదుల్లో పోసి బతికించుకున్నాడాయన. అట్లా బతికించిన చెట్టు కాయను కోసి అమ్మబోతే, టన్నుకు వంద కిలోల దాకా సూటు కింద ఉత్తపుణ్యానికి పోతుంది. సూటు అంటే తూకంలో వ్యాపారి ఊరికే కోసుకునే తరుగు, అది తెలియనోళ్లు అదృష్టవంతులు. పోయినేడాది నాయిన గట్టిగా అడిగితే, "కాయకు మంగు ఉంది, ఇష్టముంటే ఇయ్యి, లేకుంటే తోలుకపో" అన్నాడంట వ్యాపారి. బండి నిండా కాయ వేసుకుని పోయినోడు మళ్లీ ఇంటికి తోలుకొచ్చేదెట్లా? ఇచ్చేసి వచ్చినాడు. ఆ కాయ జ్యూసు బండ్ల దగ్గరికి పోతుంది. రసం పిండుతారు, తొక్క డ్రమ్ములో పడుతుంది, సాయంత్రానికి ఆవులు తింటాయి. ఆవుల మీద నాకేం కోపం లేదు.

చిన్నప్పుడు మాకు చీనీ తొక్క అంటే ఆయుధం. వంచి తమ్ముడి కంట్లోకి చిమ్మితే వాడు ఇల్లు ఎగిరిపోయేట్టు అరిచేవాడు. కరెంటు పోయిన రాత్రి కిరోసిన్ బుడ్డి దగ్గర కూర్చుని మంట మీదికి చిమ్మితే చిటపటమని చిన్న చిన్న నిప్పురవ్వలు లేచేవి. ఆ చిమ్మింది రసం కాదని, రసమైతే మంట ఆరేదని అప్పుడు తట్టలేదు. అది నూనె. తొక్క మీద చుక్కలు చుక్కలుగా కనబడేవి నూనె తిత్తులు. చీనీ తొక్క నూనెలో నూటికి తొంభై పాళ్లు పైనే లిమొనీన్ అనే పదార్థం ఉంటుంది. మంటంటుకునేదీ అదే, పుట్టినరోజు బెలూన్ మీద చిమ్మితే రబ్బరును కరిగించి టప్పున పేల్చేదీ అదే. (మా పాప పుట్టినరోజున చేసి చూపించి తిట్లు తిన్నాను.) మనం నారింజ వాసన, చీనీ వాసన అనుకునేది చాలామటుకు ఈ నూనెదే. లోపలి రసంలో ఉండేవి తీపి, పులుపు, నీళ్లు.

ఈ సంగతి జిన్‌కు అతకడం మాత్రం పొరపాటున జరిగింది. ఒక శనివారం రాత్రి అందరి మాదిరే నేనూ నిమ్మకాయ పిండుకుని గ్లాసు పక్కన పెట్టుకున్నాను. పాప చీనీ కాయ ఒలిచిమ్మంది. ఒలిచి ఇచ్చి, చెయ్యి తుడుచుకోకుండానే గ్లాసు ఎత్తినాను. గ్లాసులో ఉన్నది అదే, నాలుక మీద పడిందీ అదే. కానీ వేళ్ల వాసన ముక్కుకు తగిలేసరికి అది వేరే డ్రింకు అయిపోయింది. వేళ్లు కడుక్కుని ఇంకో గుక్క వేసినాను. మళ్లీ పాత నిమ్మకాయ నీళ్లే. లేచి ఇంకో కాయ ఒలిచినాను. ఆ రాత్రి పాపకు మూడు కాయలు తినాల్సొచ్చింది.

మరి నిమ్మరసం చేసే తప్పేంది? టానిక్ సీసా వెనక అట్ట చదవండి. నీళ్లు, చక్కెర, సిట్రిక్ యాసిడ్, చేదు కోసం క్వినైన్, గ్యాసు. అంటే నిమ్మ పులుపును కంపెనీవాడు ముందే లెక్కగట్టి కలిపి పంపినాడు. దానిమీద మీరు ఇంకో కాయ పిండితే పులుపు మీద పులుపు. నిమ్మరసంలో ఆరేడు శాతం ఆమ్లం ఉంటుంది, చీనీ రసంలో ఒక శాతం కూడా ఉండదు. ఆ పులుపు కింద జిన్‌లోని జూనిపర్ వాసన పూర్తిగా అణిగిపోతుంది. జిన్ జిన్ అయ్యేదే ఆ జూనిపర్ కాయల వల్ల. అది పోయినాక మిగిలేది ఖరీదైన నిమ్మకాయ సోడా. పైగా రసంతో పాటు పడే పిప్పి ఉంటుంది కదా, దాని చుట్టూ గ్యాసు బుడగలు కట్టి బుస్సుమని లేచిపోతాయి. పొంగింది కదా అని మనం సంబరపడతాం, రెండు నిమిషాలకు గ్లాసు చప్పబడిపోతుంది.

"అట్లయితే చీనీ రసమే పోద్దాం" అన్నాడు మా చిన్నాయన కొడుకు. పోసి చూసినాం. పులుపు లేదు, పదును లేదు, తియ్యటి నీళ్లు కలిపినట్టయింది. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. చీనీ రసం తీసి పెడితే కొన్ని గంటలకు దానంతటదే చేదెక్కుతుంది. కాయలో ఉన్నప్పుడు చేదు లేని పదార్థమొకటి, పిండినాక రసంలోని ఆమ్లం తగిలి లిమొనిన్ అనే చేదుగా మారుతుంది. పేరు దగ్గరగా ఉంది గానీ ఇది వేరు, వాసనిచ్చే లిమొనీన్ వేరు. పొద్దున తీసి ఫ్రిజ్‌లో పెట్టిన చీనీ జ్యూసు సాయంత్రం ఎందుకు మొహం చిట్లించేట్టు చేస్తుందో ఇప్పుడు తెలిసిందిగా.

టానిక్ గురించి ఒక పిట్టకథ. నేను బ్యాంకులో క్యాష్ కౌంటర్లో పని చేస్తాను. దొంగనోట్లు పట్టుకోవడానికి మా దగ్గర అతినీలలోహిత కిరణాల దీపం ఉంటుంది. ఒకసారి నేను ఎప్పుడూ వినని కంపెనీ టానిక్ సగం ధరకు దొరికింది. అసలు ఇందులో క్వినైన్ ఉందా, ఉత్త సోడాకు అట్ట అంటించినారా అని అనుమానం. క్యాష్ మూసినాక సీసాను దీపం కింద పెట్టినాను. నీలంగా, దెయ్యం కన్ను మాదిరి వెలిగింది. పక్కన పెట్టిన సోడా సీసా నల్లగానే ఉంది. క్వినైన్‌కు ఆ గుణం ఉంది, ఆ వెలుగు పడితే నీలంగా మెరుస్తుంది. వెనక నిలబడి చూస్తున్న మేనేజరు గారు "ఏందప్పా అది" అన్నారు. "మలేరియా మందు సార్" అన్నాను. ఆయన ఇంకేం అడగలేదు.

మలేరియా మందు అన్నానే గానీ ఆ వంక పెట్టుకుని తాగేవాళ్లకు నా లెక్క వినిపిస్తాను. అమెరికా నియమం ప్రకారం టానిక్‌లో లీటరుకు 83 మిల్లీగ్రాములకు మించి క్వినైన్ ఉండకూడదు. మలేరియాకు డాక్టర్లు ఇచ్చే మోతాదు రోజుకు రెండు గ్రాముల దగ్గర. అంటే రోజుకు ఇరవై లీటర్ల పైన టానిక్ తాగాలి. మలేరియా కంటే ముందు ఆ చక్కెర తీసుకుపోతుంది. ఇంకొందరు సింకోనా చెక్క (క్వినైన్ తీసే చెట్టు బెరడు) తెప్పించి ఇంట్లోనే టానిక్ కాస్తామంటారు. వద్దు. చెక్కలో క్వినైన్ ఎంతుందో ఇంట్లో కొలవలేం, ఎక్కువైతే చెవుల్లో హోరు, తల తిరుగుడు, చూపు మసకబారడం దాకా పోతుంది. టానిక్ కొనుక్కోండి. క్వినైన్ పడనివాళ్లు, గుండె మందులు వాడేవాళ్లు దాన్నీ కొనొద్దు.

దొరల కథలు కూడా కొంచెం తగ్గించుకుందాం. ఎవరింటికి పోయినా గ్లాసు చేతికిచ్చి, "కంపెనీ దొరలు మన ఎండలకు తట్టుకోలేక కనిపెట్టింది" అని మొదలుపెడతారు. ఒకాయన ఏకంగా గుత్తి కోట మీద మన్రో దొర చేత జిన్ టానిక్ తాగించినాడు. మన్రో దత్తమండలాలకు కలెక్టరుగా ఉన్నది 1800 నుంచి 1807 దాకా. గవర్నరై మళ్లీ ఈ పక్క తిరగొచ్చి 1827లో పత్తికొండలో కలరాతో చనిపోయినాడు, గుత్తిలోనే మొదట పూడ్చినారు. సింకోనా చెక్క నుంచి క్వినైన్‌ను విడదీసిందే 1820లో, ఫ్రాన్సులో. గ్యాసు నింపిన టానిక్‌కు లండన్‌లో ఎరాస్మస్ బాండ్ అనే ఆయన పేటెంటు తీసుకున్నది 1858లో. మన నీలగిరుల్లో సింకోనా తోటలు వేసింది ఆ తర్వాత, 1860లలో. ష్వెప్స్ వాళ్ల ఇండియన్ క్వినైన్ టానిక్ 1870లలో వచ్చింది. అసలు మలేరియాను దోమ మోస్తుందని రోనాల్డ్ రాస్ సికింద్రాబాదులో తేల్చింది 1897 ఆగస్టులో. పాపం మన్రోకు టానిక్ సీసా కంటితో చూసే యోగం కూడా లేదు.

సరే, తొక్క సంగతికొస్తాను. అన్ని తొక్కలూ ఒకటి కావు.

చీనీ తొక్క నా మొదటి మాట. తియ్యటి వాసన, వెనకాల రోంత పచ్చి ఆకు వాసన. మన చీనీ పండినా పచ్చగానే ఉంటుందని కొందరు పక్కన పెట్టేస్తారు. తొక్కకు పసుపు ఎక్కాలంటే రాత్రుళ్లు చలి కావాలి, మన దగ్గర ఆ చలి ఏది? పచ్చటి కాయే తీసుకోండి. వేలిగోరుతో గీరితే వాసన గుప్పుమనాలి. మంగు పట్టి గోధుమరంగు తిరిగిన కాయ రసానికి చాలు, దీనికి మాత్రం వద్దు. సూపర్ మార్కెట్లో మైనం పూసి తళతళలాడే విదేశీ ఆరెంజి అసలే వద్దు. ఆ మైనం ముందు నాలుకకు తగులుతుంది. మన కాయకు మైనం లేకపోయినా మందులు కొట్టి ఉంటారు కాబట్టి, గోరువెచ్చటి నీళ్లలో ఉప్పు వేసి రుద్ది కడగండి.

దబ్బకాయ దగ్గర నేను ఓడిపోతాను. చీనీని మరిపించేది అదొక్కటే. పులిహోరకు, ఊరగాయకు తప్ప దేనికీ వాడం గానీ, ఆ గరుకు తొక్కను పీలరుతో ఒక్క గీత గీస్తే వంటింట్లోంచి నడవలోకి వస్తుంది వాసన. చీనీది ఒక పక్క వాసన, దబ్బది నాలుగు పక్కల వాసన. ఇబ్బందల్లా అది ఎప్పుడుబడితే అప్పుడు దొరకదు, ఎవరి పెరట్లోనైనా ఉంటే అడుక్కోవాలి. గజనిమ్మ కూడా బాగుంటుంది. కమలా తొక్క మరీ మెత్తన, చేతిలోనే చిరిగిపోతుంది, చిన్నపిల్లల బిళ్లల వాసన వస్తుంది. నిమ్మ తొక్క పనికొస్తుంది, అవును, నిమ్మకాయ మీద నాకున్న కోపం రసం మీదే. కాకపోతే తొక్క కాగితమంత పలచన, తీసేటప్పుడు తెల్లపొర లేకుండా రాదు.

పంపరపనస సంగతి వేరు. దాని తొక్క వాసన అద్భుతం. కానీ మా చిన్నాయన బీపీ మాత్ర వేసుకుంటాడు కాబట్టి ఆయనకు దాని పండు గానీ రసం గానీ ఇవ్వను. దీని వెనక ఒక కథ ఉంది, ఈ వ్యాసానికి అతికినట్టు సరిపోతుంది. కెనడాలో డేవిడ్ బెయిలీ అనే ఆయన బృందం ఫెలోడిపిన్ అనే బీపీ మందు మీద మద్యం ప్రభావం చూడబోయి, మద్యం రుచి తెలియకుండా గ్రేప్‌ఫ్రూట్ రసంలో కలిపి ఇచ్చింది. తీరా చూస్తే ఒంట్లో మందు పాళ్లు ఉండాల్సినదానికంటే బాగా పెరిగిపోయినాయి. కారణం మద్యం కాదు, ఆ రసం. మందును విరిచే పేగుల్లోని ఎంజైమును ఆ రసం పనిచేయనీయడం లేదు. 1989లో బయటపెట్టినారు. గ్రేప్‌ఫ్రూట్‌కు తల్లి చెట్టు పంపరపనసే, గుణమూ అదే. బీపీకో కొలెస్ట్రాలుకో మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టరును అడగకుండా దాని జోలికి పోవద్దు. అసలు మాత్రలు వేసుకుంటూ తాగుడు సంగతి కూడా డాక్టరుకు చెప్పకుండా ఉంటే ఇంక నేను చెప్పేదేముంది.

తొక్క మంచిదన్నాను కదా అని నేను చేసిన బుద్ధితక్కువ పని మీరు చేయొద్దు. తొక్క మహిమ తెలిసిన కొత్తలో, గ్లాసు గ్లాసుకూ గీసుకోవడం దేనికని, రెండు దబ్బకాయల తొక్కను చాకుతో మందంగా కోసి జిన్ సీసాలోనే కుక్కినాను. ఫుల్ బాటిల్. మూడు రోజులు ఊరనిచ్చి నాలుగో రోజు మా చిన్నాయన కొడుకును పిలిచినాను. వాడు ఒక గుక్క మింగి, గ్లాసు కింద పెట్టి, "అన్నా, దీనికంటే యాపాకు కషాయం నయం" అన్నాడు. రంగు మాత్రం లేత బంగారం, చూస్తే ముద్దొస్తుంది. నోట్లో పెట్టుకుంటే గొంతు దాకా చేదు. తప్పెక్కడంటే, తొక్క కింద ఉండే తెల్లపొర. చేదంతా అందులో ఉంటుంది, సారాంశాన్ని లాగడంలో ఆల్కహాలును మించింది లేదు. పైన ఉన్న నూనె మొదటి గంటల్లోనే దిగిపోతుంది, ఆ తర్వాత నానేకొద్దీ దిగేది చేదే. టానిక్‌లో క్వినైన్ చేదు ఎటూ ఉంది, ఇదీ చేరితే ఇంకేముంది. ఆ సీసా ఏం చేసినానని అడగొద్దు, ఇంకో పండక్కి బంధువులొచ్చినప్పుడు ఎట్లనో అయిపోయింది.

ఇప్పుడు నానబెట్టాలనిపిస్తే, తెల్లపొర లేకుండా గీసిన తొక్కను క్వార్టర్ సీసాలో వేసి నాలుగైదు గంటలకు తీసేస్తాను. కానీ నిజం చెప్పాలంటే అప్పటికప్పుడు గీసిన తొక్క ముందు అదీ దిగదుడుపే.

నేను చేసే పద్ధతి ఇది. జిన్ సీసా ఫ్రీజరులో ఉంటుంది. మన దేశంలో జిన్ సాధారణంగా 42.8 శాతం, ఇంటి ఫ్రీజరులో గడ్డకట్టదు, కాస్త చిక్కబడుతుంది అంతే. ఖరీదైన జిన్ అక్కర్లేదు. గోవా నుంచి 2017లో గ్రేటర్ దాన్ వచ్చినప్పటి నుంచి మన దేశపు జిన్‌లకు కొరత లేదు, జూనిపర్ వాసన తెలిసేది ఏదైనా చాలు. పండ్ల ఫ్లేవర్లు కలిపినవి మాత్రం తేవొద్దు, మనం కష్టపడి తొక్క గీసేదెందుకు మరి? టానిక్ చిన్న సీసా, పొద్దున్నుంచే ఫ్రిజ్‌లో. సున్నా డిగ్రీల దగ్గర నీళ్లు పట్టుకునే గ్యాసులో సగం కూడా 25 డిగ్రీల దగ్గర పట్టుకోలేవు. ఇంక ఏప్రిల్‌లో మన వంటింట్లో గట్టు మీద పెట్టిన సీసా సంగతి చెప్పేదేముంది, మూత తీయడం ఆలస్యం సగం గ్యాసు మొహాన కొడుతుంది.

పీలరుతో బొటనవేలంత వెడల్పు, వేలంత పొడవు తొక్క గీస్తాను. తిప్పి చూసి తెల్లగా ఉంటే చాకుతో గీరేస్తాను. ఖాళీ గ్లాసులో ముందు జిన్ 60 మిల్లీలీటర్లు. తొక్క పైపక్క గ్లాసు లోపలికి ఉండేట్టు పట్టుకుని, జిన్ మీద పిండుతాను. దీపం మీద చిమ్మినట్టే. కనబడీ కనబడని తుంపర పడుతుంది. అదే తొక్కతో గ్లాసు అంచంతా రుద్ది, లోపల పడేసి రెండు నిమిషాలు వదిలేస్తాను. ఈ వరస మార్చొద్దు. నూనె నీళ్లలో కరగదు, ఆల్కహాలులో కరుగుతుంది. టానిక్ పోసినాక పిండితే పైన తేలి మొదటి గుక్కతోనే అయిపోతుంది. ముందు జిన్‌లో పిండితే అడుగు దాకా ఉంటుంది. చాలామంది తొక్క వాడి కూడా పెదవి విరిచేది ఈ ఒక్క పొరపాటు వల్లే.

తర్వాత ఐసు. గ్లాసు నిండా. రెండు ముక్కలు వేసి పొదుపు చేసినామనుకుంటారు గానీ, తక్కువ ఐసు త్వరగా కరిగి నీళ్లవుతుంది, నిండా ఉంటే ఒకదాన్నొకటి చల్లగా ఉంచుకుని నిలబడతాయి. ట్రేలో వచ్చే బుడి బుడి ముక్కలకంటే, చిన్న స్టీలు టిఫిను డబ్బాలో మూతపెట్టి గడ్డకట్టించి చపాతీ కర్రతో పగలగొడితే పెద్ద ముక్కలొస్తాయి. మూత ఎందుకంటే ఫ్రిజ్‌లో దోసెపిండి ఉంటుంది, ఐసు ఆ వాసన పీల్చుకుంటుంది. నీళ్లు క్యాను నీళ్లే. మా బోరు నీళ్లతో చేసిన ఐసు కరిగితే గ్లాసు అడుగున సున్నం తేలుతుంది. చేపల పెట్టెల్లో వేసే ఫ్యాక్టరీ ఐసు కొట్టించుకొచ్చేవాళ్లూ ఉన్నారు, వాళ్లకో నమస్కారం.

ఐసు మీద టానిక్ 180 మిల్లీలీటర్లు, గ్లాసు పక్కనుంచి నెమ్మదిగా. చెంచాతో అడుగునుంచి ఒక్కసారి పైకి లేపాలి. గిరగిరా తిప్పొద్దు, అది మజ్జిగ కాదు. చివరగా, ఇది నా సొంత పైత్యం, రెండు వేళ్ల కొసలకు అంటినంత ఉప్పు. మన ఉప్పు సోడా తాగినోళ్లకు కొత్తేం కాదు. ఉప్పు చేదును అణచుతుంది, దాంతో చీనీ వాసన ఇంకా ముందుకొస్తుంది. పక్కన ఉగ్గాని, మిరపకాయ బజ్జీ ఉంటే ఇంకేం కావాలి.

ఇంకొక్క జాగ్రత్త. ఎవరైనా తోటలోనో మిద్దె మీదో పగటిపూట కలుపుతుంటే, నిమ్మ, దబ్బ తొక్కలు నలిపిన చేతులు కడుక్కోకుండా ఎండలో నిలబడొద్దు. ఆ తొక్కల్లో ఉండే కొన్ని పదార్థాలు ఎండ తగిలితే చర్మాన్ని కాల్చినట్టు బొబ్బలెక్కిస్తాయి, మచ్చలు వారాలపాటు పోవు. మన ఎండ సంగతి వేరే చెప్పాలా.

ఇదంతా చదివి "మందు గురించి ఇంత వర్ణనా" అని చీదరించుకునేవాళ్లుంటారు. వాళ్లను నేను తప్పుపట్టను. సీమలో మందు మాట తేలిగ్గా తీసేది కాదు. రాజాజీ ప్రభుత్వం 1937లో సేలంలో మద్యనిషేధం పెట్టి, మరుసటేడు దాన్ని చిత్తూరు, కడప జిల్లాలకు తెచ్చింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా మీద తిరగబడితే ఆ నిప్పు మా ఊరిదాకా వచ్చింది. సారా ప్యాకెట్ల అంగడి ముందు చీపురు పట్టుకుని నిలబడినవాళ్లలో మా జేజి ఒకతె. మా తాత ఆ ప్యాకెట్లకే పోయినాడు మరి. 1993లో సారా పోయింది, 1995లో మొత్తం మద్యమే నిషేధమైంది, 1997లో మళ్లీ వచ్చింది. జేజి ఉండుంటే ఈ గ్లాసును కూడా బయటికి విసిరేసేది. 'ఇది సారా కాదు, దీంట్లో దబ్బకాయ తొక్క ఉంది' అంటే వినేదా?

నెమ్మదిగా తాగే డ్రింకు కాబట్టి మంచిది అని కూడా నేను అనను. 60 మిల్లీలీటర్ల జిన్‌లో 20 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది, కౌంటరు దగ్గర నిలబడి ప్లాస్టిక్ గ్లాసులో గుటుక్కున మింగినా, ఉయ్యాలలో కూర్చుని ముప్పావుగంట తాగినా కాలేయానికి అందే లెక్క అదే. దానికితోడు టానిక్‌లో మూడు టీస్పూన్ల చక్కెర. శనివారం ఒక గ్లాసు నా హద్దు. మీకు అలవాటు లేకుంటే ఈ వ్యాసం చదివి మొదలుపెట్టొద్దు. నా వాదన అంతా తాగడం గురించి కాదు, ఎటూ తాగేవాళ్లు అందులో ఏం పిండుతున్నారన్న దాని గురించి. పైగా తొక్క పనితనం తెలుసుకోవడానికి జిన్ అక్కర్లేదు కూడా.

ఎట్లంటే, నాలుగు చీనీకాయల తొక్క గీసి, గిన్నెలో రెండు గుప్పెళ్ల చక్కెర వేసి చేత్తో బాగా నలపాలి. మూతపెట్టి రెండు గంటలు వదిలేస్తే చక్కెర తొక్కలోని నూనెను లాగేసుకుని తడితడిగా అవుతుంది. రోంత వేడినీళ్లు పోసి కరిగించి వడకడితే పాకం. ఆల్కహాలు చేసే పనిని ఇక్కడ చక్కెర చేస్తుంది. రెండు చెంచాల పాకం మీద చల్లటి గోలీసోడా కొట్టి పోయాలి. గోలీసోడానే ఎందుకు, మామూలు సోడా పోసినా అంతే. ఆ టప్పుమనే చప్పుడు నాకిష్టం. హిరామ్ కాడ్ అనే ఇంగ్లీషాయన 1872లో పేటెంటు తీసుకున్న సీసా అది, వాళ్ల దేశంలో మ్యూజియాలకు చేరింది, మన దగ్గర ఇంకా బండి మీద తిరుగుతోంది.

నాయిన జీవితంలో మందు ముట్టలేదు. తాతను చూసినోడు ఎట్లా ముడతాడు. పోయిన నెల తోట నుంచి వచ్చి కూర్చుంటే ఈ సోడా కలిపి ఇచ్చినాను. మూతి దగ్గర పెట్టుకుని, తాగకుండా చాలాసేపు వాసన చూసినాడు.

"ఇది మన కాయేనా?"

"మన కాయే నాయినా. రసం ఒక్క చుక్క వేయలేదు, ఉత్త తొక్క."

గ్లాసును ఇంకోసారి వాసన చూసి, "చెట్టు కొమ్మ విరిచినప్పుడు వచ్చే వాసన ఇది" అన్నాడు. తాగి, ఇంకో గ్లాసు అడిగినాడు. తర్వాత ఒక సంచి నిండా కాయ ఇచ్చి ఊరికి పోయినాడు, బావిగట్టు పక్కన ఉండే చెట్టు కాయ, అమ్మకానికి పంపనిది.

శనివారం సాయంత్రం బ్యాంకు నుంచి వచ్చి పీలరు తీసుకుని సంచి వెతికితే, వంటింటి గట్టు మీద కాయలన్నీ ఒలిచి, తొనలు గిన్నెలో పెట్టి ఉన్నాయి. తొక్కలేవని అడిగితే మా ఆవిడ మిద్దె వైపు చూపించింది. చాటలో ఎండుతున్నాయి. సీకాయలో కలిపి పట్టించడానికంట. "రోజూ తలస్నానానికి కావాలి, నీకు వారానికొక్క ముక్కే కదా" అంది. న్యాయమే. ఫ్రిజ్ కింద అరలో ఒకే ఒక్క నిమ్మకాయ మిగిలింది. జాగ్రత్తగా తొక్క మాత్రం గీసుకుని, కాయను రేపటి పప్పులోకి పనికొస్తుందని మళ్లీ అక్కడే పెట్టేసినాను.